ధర్మపు త్రాసు – దొంగ తూనికరాళ్ళు

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు అమెరికా చెరసాలలనుగూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని చట్టమును చదువనేర్చిన వానికే అందలి అన్యాయము కనబడును. చదువు నేర్పుటయే గదా గ్రంథాలయ ధర్మము!

ఆ దేశ జనాభాలో నల్లజాతివారు నూటికి సుమారు 13 మంది. చెరసాలలలోనో, నూటికి 30 మందికి పైగా వారే. ఇట్లేల జరిగినది? 1865లో రాజ్యాంగపు 13వ సవరణ బానిసత్వమును రద్దు చేసెను. అయితే నేరమునకు శిక్షగా చేయించు చాకిరిని మాత్రము మినహాయించెను. వెంటనే దక్షిణ రాష్ట్రములు పనిలేక తిరుగుటనే నేరముగా శాసించి, పట్టుబడిన నల్లవారిని గనులకు, తోటలకు కౌలుకిచ్చెను. అలబామాలో ఈ ఖైదీల కౌలు 1928 వరకు సాగెను.

జాతి పేరెత్తని చట్టము సైతము జాతిభేదమును పాటింపగలదు. 1986లో అమెరికా కాంగ్రెసు మాదకద్రవ్యములపై ఒక శాసనము చేసెను. కొకైను పొడి 500 గ్రాములు అమ్మినవానికి కనీసము ఐదేండ్ల ఖైదు. అదే పొడిని వంటసోడాతో ఉడికించి గడ్డకట్టించిన 'క్రాక్' అయినచో 5 గ్రాములకే అంత శిక్ష! సరకొక్కటే, తూకము నూరింతలు వేరు. ఫెడరల్ న్యాయస్థానములలో క్రాక్ కేసులందు శిక్షపడినవారిలో నూటికి 80 మందికి పైగా నల్లజాతివారు.

దీనిని సమము చేయవలెనని శిక్షల పరిమాణమును నిర్ణయించు ప్రభుత్వ సంఘమే 1995లో కోరినను కాంగ్రెసు త్రోసిపుచ్చెను. 2010లో గాని ఆ హద్దు 28 గ్రాములకు పెరిగి, భేదము 18 ఇంతలకు తగ్గలేదు. అంతకుముందే శిక్షపడినవారు ఆ మేలు కోరుకొనుటకు 2018 శాసనము రావలసివచ్చెను. తప్పని ఒప్పుకొన్న చట్టము క్రిందనే మరి ఎనిమిదేండ్లు పలువురు చెరలో మ్రగ్గిరి.

ఇది మనమెరుగని బాధ కాదు. పుట్టుకనే నేరముగా ఎంచుచు బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. మన స్టూవర్టుపురము దాని నీడన వెలసినదే. 1952లో చట్టము పోయినది; లోకుల అనుమానము పోలేదు.

కావున మిత్రులారా, చట్టమును దిద్దుట సగము పని. అది పాడుచేసిన బ్రతుకులను నిలబెట్టుట తక్కిన సగము. ఇకమీదట పత్రికలో "నేరస్థుడు" అను మాట చదివినప్పుడు, ఏ తూనికరాతితో తూచి ఆ పేరు పెట్టిరో ఒక్కమారు విచారింపుడు.