నౌకావాసమునకు ముందు గృహభారము



జంగారెడ్డిగూడెము మెట్టప్రాంతము. ఇచ్చట సముద్రఘోష వినబడదు. ఇట్టి యూర బడిపంతులుగా జీవితము గడపినవాడు ఓడలనుగూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. కారణము చెప్పెదను. నా పూర్వశిష్యు డొకడు పరదేశమున ఉద్యోగము చాలించుకొని, భార్యతోగూడ తెరచాపనౌకలో కాపుర ముండ సంకల్పించెను. "గురువుగారూ, ఊరిలోని ఇల్లు, పొలము, సామాను ఏమి చేయమందురు?" అని నాకు జాబు వ్రాసెను. నే నిచ్చిన ప్రత్యుత్తరమే నేటి ప్రసంగము.

నీటిమీది కాపురము మనకు క్రొత్త గాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిదప, కాలక్రమమున ఏలూరు కాలువ గోదావరీ కృష్ణలను కలిపినది. ఆ కాలువలపై ధాన్యపు పడవలు గాలి యున్నపుడు చాపతోను, లేనపుడు గట్టుపైనుండి లాగు త్రాళ్లతోను సాగెడివి. పడవవారు అందే వండుకొని, అందే పండుకొనెడివారు. వారి సామాను ఒక పొయ్యి, రెండు కుండలు, ఒక చాప, ఒక దీపము. కొల్లేటిలో తాటిదోనె నడపువాని కీ లెక్క మరింత బాగుగా తెలియును. ఒక్క బుట్ట యెక్కువైనను దోనె యంచు నీటి కంత చేరువ యగును.

అమెరికాలో జోషువా స్లోకమ్ అను నావికు డొకడు, పచ్చికబయలున పడియున్న పాత నౌకను పదుమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల వ్యయముతో తిరిగి కట్టెను. 1895లో బోస్టనునుండి ఒంటరిగా బయలుదేరి, భూగోళమును చుట్టి 1898లో మరలెను. వాని గడియారము ఒక డాలరు వెలగల రేకు గడియారము! మన కాలమున 2017 సెప్టెంబరు 10న గోవానుండి తారిణి నౌకలో ఆర్గురు నావికాదళ స్త్రీలు బయలుదేరి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగుబిడ్డలు.

ఇక నా సమాధానము. మొదట ఋణములు తీర్చుము. అన్నదమ్ముల పంపకము కాగితముపై తేల్చుకొనుము. నేలమీద వదలిన తగవు నీటిమీదను వెంటవచ్చును.

పిమ్మట సామానును మూడు కుప్పలు చేయుము. మందులు, పనిముట్లు, సూదిదారము, సముద్రపటములు నౌకకు. వాడుకొనగల వస్తువులు బంధువులకు, బీదలకు. మిగిలినవి అమ్మకమునకు. "దాచియుంచెదము" అను నాలుగవ కుప్ప పెట్టకుము. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును. తేమకు బట్టలు, పుస్తకములు బూజుపట్టును.

పొలము మాత్ర మిప్పుడే అమ్మకుము. ఒక సంవత్సరము కౌలున కిచ్చి, నీటిపై బ్రదుకు నోర్వగలవో లేదో చూచుకొనుము. గిన్నెలు మరల కొనవచ్చును. పితరుల చేను మరల దొరకదు. అన్నిటికంటె ముఖ్యముగా, నీ యిల్లాలు మనసార సమ్మతించినదా యని అడుగుము.

వేరొక మాటయు వ్రాసితిని. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటినపుడు, మన కుకునూరు, వేలేరుపాడు మండలములలో ఇండ్లు నీట మునిగినవి. ఆ కుటుంబములకు మూడు కుప్పలు వేరుచేయు వ్యవధి లేదు. తానై విడుచుట వేరు, వరద విడిపించుట వేరు. కావున నీ త్యాగమును గొప్పగా చెప్పుకొనకుము. విడుచుటకు తీరిక దొరకుటయే నీ భాగ్యము.

జాబు టపాలో వేసి యింటికి వచ్చి నా భోషాణము తెరచితిని. విరిగిన కళ్లజోళ్లు, చెడిన తాళములు, ఎన్నడును చదువని పుస్తకములు! నా యిల్లాలు చూచి, "ఓడ యెక్కువాడు వాడు గదా, భోషాణము మీ రేల ఖాళీ చేయుచున్నారు?" అనినది. "మన రేవును దగ్గరపడుచున్నది" అంటిని. ఆమె మారుమాటాడక వచ్చి నా ప్రక్కన కూర్చుండి, తానును వస్తువులు వేరుచేయసాగెను. పుస్తకములు ఊరి గ్రంథాలయమునకు పోయినవి. మా తాతగారు తాటాకులపై వ్రాసిన గంటము మాత్రము విడువలేకపోతిని.

నాయనలారా, ఓడ యెక్కకున్నను మీమీ భోషాణము లొకసారి తెరచిచూడుడు. సెలవు.