బండి ఎవరిది?

(మహిళల ఆస్తిహక్కులపై కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం)



ఆస్తిహక్కు అనగానే మనం పొలం గురించి, ఇంటి గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నేను ఒక పాత కారు గురించి చెబుతాను. నవ్వకండి, చివరికి పొలం దగ్గరకే వస్తాను.

మా నాన్నగారు 2003లో మారుతి జెన్ కొన్నారు. 1993లో మార్కెట్లోకి వచ్చి, 2006లో తయారీ ఆగిపోయిన చిన్న కారు అది. ఇంజను 993 సీసీ మాత్రమే. కాని తేలికైన బండి, చురుగ్గా కదులుతుంది. నాన్నగారు పోయాక దాన్ని నడిపింది నేనే. పెట్రోలు, బీమా, రిపేర్లు అన్నీ నావే. నా పేరుకు మార్చుకుంటాను, సంతకం పెట్టమంటే అన్నయ్య, "నువ్వే వాడుకుంటున్నావు కదమ్మా, మళ్లీ కాగితాలెందుకు?" అన్నాడు.

ఈ మాట వినని వాళ్లు మనలో ఎవరున్నారు? వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఆచరణలో మనకు మిగిలేది వాడుకునే అనుమతి మాత్రమే.

అమ్మ నా పక్షాన నిలబడితే చివరికి పేరు మారింది. అప్పుడు ఒక సంగతి గమనించాను. నేను పొట్టిదాన్ని. ఇన్నేళ్లూ సీటు మీద దిండు వేసుకుని నడిపాను. సీటే ఎత్తు చేయించవచ్చన్న ఆలోచన రాలేదు. పరాయి వస్తువును వాడుకునే మనిషి తానే సర్దుకుంటుంది తప్ప వస్తువును మార్చదు.

సీటు ఎత్తు చేయించాను. మెత్తబడిన షాక్ అబ్సార్బర్లు తీసేసి కాస్త గట్టివి వేయించాను. మంచి పట్టున్న టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు కొన్నాను. షెడ్డులో మెకానిక్, "సారుని ఒకమాట అడిగి రండి మేడం" అన్నాడు. అన్నయ్య, "పాత బండికి ఇంత ఖర్చా?" అన్నాడు. అవసరం కాదు, అనంతగిరి గుట్టల మలుపుల్లో నడపడం నాకిష్టం అని చెప్పాను. ఆ జవాబు చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఎందుకు? పిల్లల చదువుకు, కుటుంబ భద్రతకు స్త్రీకి ఆస్తి ఉండాలని మనమే వాదిస్తాం. ఆమె సంతోషానికి కూడా అని గట్టిగా అనం.

యాజమాన్యానికి హద్దులు లేవని కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అందుకే ఇంజను జోలికి పోలేదు. చట్టం గీసే హద్దు వేరు, ఇంట్లో మగవాళ్లు గీసే హద్దు వేరు. మొదటిది అన్నయ్యకూ వర్తిస్తుంది.

ఇక పొలం సంగతి. భూమి పేరున ఉండటం వేరు, దానిపై నియంత్రణ ఉండటం వేరని బీనా అగర్వాల్ 1994లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చర్చించారు. పట్టా ఆమె పేరున ఉంటుంది. ఏ పంట వేయాలో, ఎప్పుడు అమ్మాలో ఆయన చెబుతాడు.

కాబట్టి సర్వేకు వెళ్లినప్పుడు "ఎవరి పేరున ఉంది?" అన్న ప్రశ్నతో ఆగకండి. "ఎవరినీ అడగకుండా, మీ ఇష్టం కోసం, దీనిలో ఏం మార్చారు?" అని కూడా అడగండి. ఆమె మౌనంగా ఉండిపోతే, మన పని పట్టాతో అయిపోలేదని అర్థం.