అదును తెలిసిన ఆట



అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ 1997లో విడుదల చేసిన ‘ఫాలౌట్’ అనే కంప్యూటర్ ఆట నీటి ఎద్దడితో మొదలవుతుంది. అణుయుద్ధం జరిగి తరాలు గడిచిపోయాయి. కాలిఫోర్నియాలో భూమి కింద కట్టిన ‘వాల్ట్ 13’ అనే ఆశ్రయంలో కొంతమంది తలదాచుకుని బతుకుతున్నారు. వాళ్లకు తాగునీరు అందించే యంత్రంలో ఒక చిప్పు పాడైపోయింది. అక్కడి పెద్దాయన ఆటగాడిని పిలిచి, బయటికి వెళ్లి కొత్త చిప్పు తెమ్మంటాడు. గడువు 150 రోజులు. ఆలోగా తేకపోతే అందరూ దాహంతో చస్తారు, ఆట అక్కడితో సరి. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి ఎదురుచూసిన అనంతపురం పల్లెలకు ఈ కథను విడమరచి చెప్పాల్సిన పని లేదు.

రోల్‌ప్లేయింగ్ గేములంటే ఆటగాడు ఒక పాత్ర వేషం కట్టి, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటూ కథను నడిపే ఆటలు. వాటిలో గడువు పెట్టడం మేలా, చేటా అన్న తగువు చాలాకాలంగా నడుస్తోంది. గడువు వద్దనేవారి వాదనను తేలిగ్గా తీసేయకూడదు. వాళ్లు ఆటలోకి వచ్చేదే ఒక కొత్త లోకాన్ని తీరిగ్గా చూడటానికి. దారిలో కనిపించిన ప్రతి గుడిసెలోకీ తొంగిచూడాలి, ప్రతి ముసలమ్మ చెప్పే కథా వినాలి. రోజులు లెక్కపెడుతూ అది కుదరదు. జపాన్‌కు చెందిన గస్ట్ సంస్థ ‘అటెలియే’ ఆటలను చూడండి. 2009 నాటి ‘అటెలియే రొరోనా’లో కథానాయిక మూడేళ్లలో తన పనితనం రుజువు చేసుకుని కార్ఖానాను నిలబెట్టుకోవాలి. 2019లో వచ్చిన ‘అటెలియే రైజా’లో అలాంటి గడువు లేదు. ఆ వరసలో ఎక్కువగా అమ్ముడైంది రైజానే. అందుకు వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, గడువు లేకపోవడం కొత్తవాళ్లను బెదరగొట్టలేదన్నది నిజం.

అయితే గడువు బొత్తిగా లేని లోకంలో ఒక వెలితి ఉంటుంది. 2011 నాటి ‘స్కైరిమ్’లో లోకాన్ని మింగడానికి అల్డుయిన్ అనే డ్రాగన్ తిరిగొస్తుంది. ఆటగాడు ఇల్లు కొనుక్కుని, పెళ్లి చేసుకుని, మూలికలు ఏరుకుంటూ ఏళ్లు గడిపినా అది ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. ప్రళయం ముంచుకొస్తోందని ఊరూరా చెబుతారు. ఏదీ ముంచుకురాదు. అలాంటప్పుడు రక్షకుడి వేషం పేరుకే మిగులుతుంది.

ఫాలౌట్‌లో గడువు పాత్రను ఎలా మలుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. పటం మీద ఒక ఊరి నుంచి మరో ఊరికి నడిస్తే రోజులు కరిగిపోతాయి. గాయాలు మానేదాకా పడుకున్నా అంతే. హబ్ అనే వర్తకుల పట్నంలో నీళ్ల వ్యాపారులకు డబ్బు కట్టి వాల్ట్‌కు నీళ్లు పంపిస్తే మరో 100 రోజులు చేతికొస్తాయి. కానీ ఆ రాకపోకల వల్ల కథలో తర్వాత ఎదురయ్యే శత్రువులు వాల్ట్ ఉన్న చోటును ముందే పసిగడతారు. చివరికి చిప్పు దొరికేది నెక్రోపోలిస్ అనే శిథిల నగరంలో. అక్కడా మనుషులున్నారు, రేడియేషన్‌కు ఒళ్లు చెడిపోయినవాళ్లు. వాళ్లకు నీళ్లిస్తున్నదీ ఆ చిప్పే. మురుగు కాల్వల్లో దొరికే విడిభాగాలతో వాళ్ల పాత పంపును బాగుచేసి, ఆ తర్వాత చిప్పు తీసుకెళ్లొచ్చు. పంపు జోలికి పోకుండా చిప్పు పట్టుకుని వచ్చేయనూ వచ్చు. అప్పుడు ఆ ఊరు నీళ్లు లేక నాశనమవుతుంది. గడువే లేకపోతే ఇక్కడ సంకటం లేదు. తీరిగ్గా పంపు బాగుచేసి అందరూ ధర్మరాజులే అవుతారు. రోజులు తరుగుతున్నప్పుడే ఎవరి దాహం ముందు అన్న ప్రశ్న ఆటగాడికి గుచ్చుకుంటుంది.

అదే ఆటలో రెండో గడువు బెడిసికొట్టింది. చిప్పు తెచ్చాక శత్రుసైన్యాన్ని ఆపడానికి మొదట్లో 500 రోజులు పెట్టారు. ఆటగాళ్లకు అది నచ్చలేదు. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో దాన్ని 13 ఏళ్లకు పెంచారు, అంటే దాదాపు ఎత్తేశారు. నీటి గడువును మాత్రం అలాగే ఉంచారు. నీటి గడువు ఆటగాడికి మొదటి రోజే తెలుసు, దాన్ని పొడిగించుకునే దారీ ఉంది. రెండోది వెనక నుంచి చెప్పకుండా వచ్చి మీదపడింది.

గడువు ఎప్పుడు న్యాయంగా ఉంటుందో, ఎప్పుడు అన్యాయమవుతుందో అనంతపురం మెట్ట రైతుకు ఒకరు నేర్పాల్సింది లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అని కార్తెలు లెక్కబెట్టుకుంటూ విత్తు వాన కోసం చూస్తారు. ఎర్రనేల తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి పదునైన వెంటనే గొర్రు కట్టాలి. చాలీచాలని తడికి విత్తితే మొలక మాడిపోతుంది. ఇంకో వాన చూద్దామని ఆగితే ఊడలు దిగే వేళకు బెట్ట పట్టుకుంటుంది. జులై దాటి, మహా అయితే ఆగస్టు మొదటి పక్షానికి శెనక్కాయకు అదును అయిపోతుంది. అంతమాత్రాన సేద్యం ఆగదు. జొన్న, కొర్ర, అలసంద, చివరికి ఉలవ చల్లుతారు. డబ్బు తగ్గుతుంది. గొడ్లకు మేతయినా దక్కుతుంది. ఆటలో గడువు పెట్టేవారు చూసి నేర్చుకోవాల్సింది ఈ ఉలవచేనునే. అదును తప్పినవాడికి ఆట ముగిసిందని చెప్పి పంపేయకూడదు. బీదదైనా సరే, అతనికి మరో కథ ఉండాలి.

గడువును ఒడుపుగా వాడుకున్న ఆటలు ఉన్నాయి. 2000లో నింటెండో తెచ్చిన ‘మజోరాస్ మాస్క్’ రోల్‌ప్లేయింగ్ కోవకు దగ్గరి బంధువు. అందులో మూడు రోజుల్లో చంద్రుడు ఊరి మీద కూలిపోతాడు. ఆ మూడు రోజులూ ఊళ్లో ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో ఒక క్రమం ఉంది. ఆటగాడు పాట వాయించి మొదటి రోజుకు వెనక్కి వెళ్లగలడు. అందరూ అంతా మరిచిపోతారు, అతనికి మాత్రం వాళ్ల కష్టసుఖాలు గుర్తుంటాయి. ‘పర్సోనా 5’లో గడువుకు ఇంకెన్ని రోజులున్నాయో తెరమీద కనబడుతుంది. బడి అయ్యాక స్నేహితుడి దగ్గరికి వెళ్లాలా, చదువుకోవాలా అన్నది ఏ రోజుకారోజు తేల్చుకోవాలి. 2019 నాటి ‘డిస్కో ఎలీసియం’లో నలుగురితో మాట్లాడుతున్నప్పుడు, పుస్తకం చదువుతున్నప్పుడు గడియారం కదులుతుంది. ఊరికే నిలబడి ఆలోచిస్తే కదలదు. నెమ్మదిగా చదివేవాళ్లకు అది ఎంతో ఊరట.

ఇవన్నీ పాత్ర తాలూకు గడువులు. ఆడే మనిషి మీద పెట్టే గడువు వేరు, అసలు చేటు అక్కడుంది. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ లాంటి మొబైల్ ఆటల్లో కొత్త పాత్ర దాదాపు మూడు వారాలే దొరుకుతుంది, తర్వాత మళ్లీ తెచ్చేదాకా దొరకదు. శక్తి అయిపోతే నిండేదాకా ఆగాలి, లేదా డబ్బుతో ముడిపడిన రత్నాలు ఖర్చుపెట్టాలి. ఆ తొందరకూ కథలోని మనుషుల ఆపదకూ సంబంధం లేదు. అది ఆడేవాడి జేబుకు, నిద్రకు పెట్టిన గడువు. ఫోను చేతిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ తల్లిదండ్రులు ఈ తేడాను గమనించాలి.

ఆటలో రైతు వేషం కట్టడం మన పల్లెలకు కొత్త కాదు. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రాతినేలల గ్రామాల్లో భూగర్భజలాల ఆట ఆడించాయి. ఐదుగురు కూర్చుంటారు. ఒక్కో విడత ఒక్కో సంవత్సరం. తక్కువ నీరు తాగే పంట వేయాలా, ఎక్కువ నీరు తాగి ఎక్కువ డబ్బిచ్చే పంట వేయాలా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. అందరూ తోడేది ఒకే నీటిని. విడత ముగిసేసరికి ఎంత మిగిలిందో అందరికీ తెలుస్తుంది. తర్వాతి విడతల్లో మాట్లాడుకోనిస్తారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆట ఆడిన ఊళ్లు నీటి లెక్కల పుస్తకం పెట్టుకోవడంలో, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడంలో ఆడని ఊళ్ల కంటే ముందున్నాయి. లెక్కకు అందే విడతలు, కళ్లముందు తరిగే నీరు, కూడబలుక్కునే వీలు, ఈ మూడూ అందులో ఉన్నాయి.

అనంతపురం జేఎన్‌టీయూలో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదువుతున్న విద్యార్థులు ఇలాంటి ఆటనే మెట్ట సేద్యం కథగా తెరమీదికి తేవాలి. ఐదెకరాల ఎర్రనేల, ఒక ఎండు బోరు, రెండు ఎద్దులు, ఇంటినిండా మనుషులు. తెరమీద కార్తె పేరు కనిపించాలి, తడి ఎన్ని వేళ్ల లోతు దిగిందో చేత్తో తవ్వి చూసే వీలుండాలి. అప్పు చేయడం, గొర్రెలమ్మడం, బెంగళూరు వలస పోవడం కూడా ఓటములుగా కాక కథలుగా సాగాలి. మొదటి నమూనాకు ఒక్క ఖరీఫ్ చాలు. దాన్ని ముందుగా కళ్యాణదుర్గం, రాయదుర్గం రైతుల చేతికిచ్చి, ఎక్కడ తప్పిందో చెప్పమని అడగాలి.