వేలిముద్రకు ముందు చదివి చెప్పేదెవరు?

స్మారకోపన్యాసమంటే ముందు కీర్తిశేషుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఈ ఉపన్యాస నిధి ఏ మాస్టారి పేరన ఉందో ఆయనకు పొగడ్తలు గిట్టవు. ప్రొద్దుటూరులో సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ముసలివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారు. తేదీ వేయడం మరిచినవాడి కాగితం చింపి మళ్లీ రాయించేవారు. ఈ వక్త చేతిరాత ఆయనకు చివరిదాకా నచ్చలేదు. నివాళి ఇంతే.

ఉమ్మడి కుటుంబాలు చెదిరిపోవడం, పిల్లలు బెంగళూరుకో కువైట్‌కో చేరడం సభలో అందరికీ తెలిసిన సంగతులే. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైందనీ తెలుసు. వాటిని పక్కన పెట్టి, వృద్ధులకు అండగా నిలిచేవారిని ఎలా తయారుచేయాలో చూద్దాం.

తగువంతా శిక్షణ దగ్గర. వృద్ధుల సేవ నేర్పడమంటే బీపీ చూడడం, మంచం పట్టినవారిని పక్కకు తిప్పడం, మాత్రలు వేళకివ్వడం అనే అనుకుంటున్నాం. అవి అక్కర్లేదని ఎవరన్నారు? జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిని చూసిన కడప జిల్లాకు నర్సు విలువ ఒకరు చెప్పాలా? తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి వార్ధక్యం మీద పరిశోధనను ఒక శాస్త్రంగా నిలబెట్టారు. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ వృద్ధుల సంరక్షణలో ఏడాది డిప్లొమా నడిపింది. ఇంత జరిగినా, కచేరీలో ముసలామె పక్కన నిలబడి మాట్లాడేవాడిని తయారుచేయాలన్న ధ్యాస మాత్రం మనకు రాలేదు.

చట్టానికి ఆ ధ్యాస ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తాము అర్జీ పెట్టుకోలేని వృద్ధుల తరఫున, వారు అధికారమిచ్చిన మరో వ్యక్తిగానీ సంస్థగానీ పెట్టవచ్చని 5వ సెక్షన్ అంటుంది. నోటీసు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్, అంటే మన దగ్గర ఆర్డీవో, తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. ట్రిబ్యునల్‌లో వకీళ్లు వాదించరాదని 17వ సెక్షన్.

వకీలు మిత్రులకు ఇక్కడే కోపం. ఆ నిషేధం చెల్లదని 2021లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ ఏడే ఢిల్లీ హైకోర్టూ వకీళ్లకే తలుపు తెరిచింది. కాబట్టి నల్లకోటు ఉండగా, ముసలామె పక్కన నిలబడడానికి అరకొర చదువుల సహాయకులెందుకని వారి ప్రశ్న. తీర్పులు సరే, రెండు సంగతులు మిగిలే ఉన్నాయి. తల్లి ఒక వకీలును పెడితే కొడుకు అంతకు మించిన వకీలును పెడతాడు, 90 రోజుల మాట గాలికి పోతుంది. రెండోది అంతకన్నా గట్టిది: ముసలామెకు నష్టం ట్రిబ్యునల్‌లో జరగదు, ఎన్నో ఏళ్ల ముందే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిపోతుంది. ఆ పూట ఆమె పక్కన ఏ వకీలూ ఉండడు.

పులివెందుల వైపు చీనీతోట ఉన్న అవ్వ దానపత్రం రాసిస్తోందనుకుందాం. ప్రేమాభిమానాల చేత ఇచ్చానని దస్తావేజులో ఉంటుంది. ఎల్లలు, సర్వే నంబరు, బావి, మోటారు అన్నీ ఉంటాయి. అవ్వకు తిండి, బట్ట, మందులు చూడాలన్న ఒక్క వాక్యం ఉండదు. 2007 చట్టం 23వ సెక్షన్ కింద దానం రద్దు కావాలంటే పోషణ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో, సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోరిన చట్టం గనుక ఉదారంగా చదవాలంటూ, మధ్యప్రదేశ్ తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. రెండో తీర్పుతో చిక్కు తీరిందనేవారు ఒకటి మరిచిపోతున్నారు. ఆ తల్లి చేతిలో కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఉంది. మన అవ్వ చేతిలో ఏముంది?

వృద్ధుల తరఫున నిలబడడానికి చట్టమే పెట్టిన పోషణాధికారి ఉన్నాడు కదా అన్నది ఇంకో ఆక్షేపణ. ఉన్నాడు. 18వ సెక్షన్ ప్రకారం జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి తగ్గని హోదా ఆయనది, ఉండేది కడపలో. ప్రొద్దుటూరు అవ్వ అర్జీ పట్టుకుని బస్సెక్కాల్సింది జమ్మలమడుగు ఆర్డీవో కచేరీకి. పులివెందులకు సొంత రెవెన్యూ డివిజన్ 2022లో గానీ రాలేదు. పైగా “నా కొడుకు మీద కేసొద్దు నాయనా, బువ్వ పెడితే సాలు” అనే మనిషిని కూర్చోబెట్టి, రాజీకి ఎంత అడగాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికి పెద్ద హోదా కన్నా ఓపిక ఎక్కువ కావాలి. అమెరికాలో నర్సింగ్‌ హోముల అంబుడ్స్‌మన్ పథకం 1972లో ప్రయోగంగా మొదలైంది, 1978లో ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరైంది. అక్కడ వకీళ్లు కాని వలంటీర్లకు శిక్షణ ఇచ్చి పంపుతారు. మనకు గ్రామ, వార్డు సచివాలయాల్లో సంక్షేమ సహాయకులున్నారు. నేర్పేవారే లేరు.

ఈ వక్త ఇప్పుడు రాస్తున్న పాఠ్యపుస్తకం ఆ సహాయకుల కోసం, నర్సింగ్ విద్యార్థుల కోసం. శిక్షణ రెండు వారాలు ఆసుపత్రిలో, మూడో వారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో. మొదటి పాఠం, దానపత్రంలో చేర్చాల్సిన పోషణ షరతు నమూనా. రెండోది, వేలిముద్ర వేసే ముందు కొడుకును బయట కూర్చోబెట్టి అవ్వకు దస్తావేజు చదివి వినిపించడం. “ఇది మాకు పోటీ” అని ఒక దస్తావేజు లేఖరి ఇప్పటికే అలిగాడు. ఆయన్నే మూడో పాఠం చెప్పడానికి పిలవాలని ఆలోచన.

పుస్తకానికి పాత దానపత్రాల నకళ్లు కావాలి. సభికుల ఇళ్లలో ఉంటే పేర్లు, సర్వే నంబర్లు కొట్టేసి ఇవ్వవచ్చు. షరతు రాసినవైతే మరీ మంచిది, అలాంటివి దొరకడమే కష్టంగా ఉంది.