ఒక్క సీటు కథ: చుకోట్కా నియోజకవర్గం



ఎవరో గీసిన గీత వల్ల ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరో రాష్ట్రంలో ఉంటే ఎన్ని చిక్కులో సరిహద్దు జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. అలాంటి గీతకు, దాని లోపల ఉండే ఓటుకు సంబంధించిన కథే ఇది. రష్యా దేశంలో జరిగింది.

రష్యాకు ఈశాన్యంలో చిట్టచివర చుకోట్కా ఉంది. జలసంధి దాటితే అవతల అమెరికావారి అలాస్కా. విస్తీర్ణం సుమారు 7 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా దానిలో సగానికి రావు. ముఖ్యపట్టణం అనాదిర్‌లో సాయంత్రం 6 గంటలైతే మాస్కోలో అప్పటికి ఉదయం 9. రెయిన్‌డీర్లను మేపుకునే, సముద్రంలో వేటాడే చుక్చీలు అక్కడి పాతకాపులు.

సోవియట్ కాలంలో ఇది మగదాన్ ప్రాంతంలో భాగం. 1992లో విడిపోయింది. ఆ విడిపోవడం చెల్లుతుందని 1993లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ ఏడాది చివర్లోనే దూమా అనే దిగువ సభకు ఎన్నికలు వచ్చాయి. మొత్తం 450 స్థానాల్లో 225 నియోజకవర్గాలకు, 225 పార్టీ జాబితాలకు. జనం ఎంత తక్కువైనా ప్రతి ప్రాంతానికీ కనీసం ఒక నియోజకవర్గం ఉండాలన్నది నియమం. అలా చుకోట్కాకు ఒక సీటు దక్కింది. 1993లోను, 1995లోను తత్యానా నెస్తెరెంకో అనే మహిళ గెలిచారు.

గీత కదలలేదు గాని, గీత లోపలి జనం కరిగిపోయారు. 1989 జనాభా లెక్కల్లో లక్షా 64 వేల మంది ఉంటే 2002 నాటికి 54 వేలకు పడిపోయారు. గనులు మూతపడ్డాయి. ఎక్కువ జీతాల కోసం వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారు. 2021 లెక్కల్లో మిగిలింది 47 వేల పైచిలుకు. దేశంలో సగటు నియోజకవర్గానికి ఐదు లక్షలకు కాస్త తక్కువగా ఓటర్లుంటారు. మరి ఇది న్యాయమేనా అని మీరు అడగవచ్చు. ఓట్ల లెక్క ఒక్కటే చూస్తే కాదు. కానీ ఆ సీటు తీసేసి పక్క ప్రాంతంలో కలిపితే, అంత దూరాన ఉన్న చుక్చీ పల్లె గోడు వినేదెవరు?

సీటు ఉన్నంత మాత్రాన గోడు వినిపిస్తుందనీ లేదు. 1999లో ఇక్కడ గెలిచినవారు రోమన్ అబ్రమోవిచ్, దేశంలోని మహా ధనవంతులలో ఒకరు. ఏడాది తిరిగేసరికి ఆయన గవర్నరుగా ఎన్నికై, దూమా స్థానం వదిలేశారు. 2001 ఉప ఎన్నికలో వ్లదీమిర్ ఎతీలిన్ గెలిచారు. ఆయన చుక్చీ జాతివారు. ఆ నేల మనిషే ఆ నేల తరఫున మాస్కోలో కూర్చున్నాడు. 2003 ఎన్నికలతో ఆ అధ్యాయం ముగిసింది.

తర్వాత వచ్చిన మార్పు ఇంకా పెద్దది. 2007, 2011 ఎన్నికల్లో నియోజకవర్గాలనే ఎత్తివేశారు. 450 స్థానాలూ పార్టీ జాబితాలకే. 7 శాతం ఓట్లు రాని పార్టీకి జాబితా ఓట్ల వాటా లేదు. ఎగువ సభలో ప్రాంతానికి ఇద్దరు ఉన్నా, వారిని జనం నేరుగా ఎన్నుకోరు. ఫలానా మనిషి మా సభ్యుడు అని చుకోట్కా ఓటరు వేలెత్తి చూపించే వీలు దాదాపు తొమ్మిదేళ్లు లేకుండా పోయింది.

2016లో 225 నియోజకవర్గాలు తిరిగి వచ్చాయి. అంతకు ముందటి ఏడాదే గీతలు కొత్తగా గీశారు. నోవోసిబిర్స్క్ వంటి నగరాలను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు చుట్టుపక్కల పల్లెలను జోడించారు. నగరపు ఓటు పల్లె ఓటులో కలిసిపోతుందని అప్పట్లో విమర్శలు వచ్చాయి. చుకోట్కాకు ఆ బాధ లేదు. ప్రాంతమంతా ఒకే నియోజకవర్గం, కోయడానికి ఏమీ లేదు.

నియోజకవర్గాల పునర్విభజన మాట మన దేశంలోనూ తరచు వింటూంటాం. ఆ మాట వచ్చినప్పుడు ఎన్ని సీట్లు అన్న లెక్కతో ఆగకండి. గీత లోపల ఎవరిని ఎవరితో కలిపారు, మన గడప దగ్గరకు వచ్చి జవాబు చెప్పవలసిన మనిషి ఎవరు అని కూడా అడగండి. చుకోట్కా వారు ఆ మనిషిని తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నారు.