రోగమునకు వేరెక్కడ?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రోగమునకు కారణమేమని అడిగినచో సూక్ష్మజీవియని చదువుకొన్నవారు చెప్పుదురు. అది సత్యమే; కాని సగము సత్యము. మిగిలిన సగమును ఆఫ్రికా స్త్రీల జీవితములలో వెదకిన విదుషి మెరిడెత్ టర్షెన్. ఆమె అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా పనిచేసిరి, చిత్రకారిణి కూడ. చిత్రము వ్రాయువారు మనిషితోపాటు అతని వెనుకనున్న నేలను గూడ చూడవలెను. ఈమె రోగిని అట్లే చూచిరి.

టాంజానియా దేశపు వ్యాధులను గూర్చి ఆమె గ్రంథము 1984లో వెలువడినది. ఆ దేశమును తొలుత జర్మనులును, మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఆంగ్లేయులును ఏలిరి. గుడిసెకు పన్ను వేసిరి. ఆ పన్ను డబ్బుకై పురుషులు ఊరు విడిచి కిత్తనార తోటలకు కూలికి పోయిరి. సేద్యము, బిడ్డలు, నీళ్లు, వంట అన్నియు స్త్రీ తలపై పడినవి. చేతులు చాలనిచోట పంట తగ్గును. పంట తగ్గిన తిండి తగ్గును. తిండిలేని దేహమున రోగము సులభముగా చొచ్చును. 1905లో దక్షిణ ప్రాంతమువారు తిరుగబడగా జర్మను సేనలు పంటలను తగులబెట్టినవి. తుపాకికంటె కరవే ఎక్కువమందిని చంపినది. ఆకలికి మందుసీసాలో చికిత్స గలదా?

యుద్ధకాలమున స్త్రీలు ఏమి చేయుదురను విషయమై 1998లో ఆమె మరియొక విదుషితో కలిసి ఒక సంపుటమును ప్రకటించిరి. పిదప మొజాంబిక్, రువాండా యుద్ధములను పరిశీలించి ఒక కఠిన సత్యమును చెప్పిరి: స్త్రీలపై జరిగిన అత్యాచారము కేవలము సైనికుల పశుత్వము కాదు, వారి శ్రమను, ఆస్తిని అపహరించు సాధనము కూడ. మొజాంబిక్‌లో తిరుగుబాటుదారులు స్త్రీలను ఎత్తుకొనిపోయి మూటలు మోయించిరి, చాకిరి చేయించిరి. రువాండా ఆచారమున ఆడబిడ్డకు తండ్రి భూమిలో వాటా లేదు. భర్తవలననో కొడుకులవలననో ఆమెకు నేల దక్కును. 1994 నాటి మారణకాండలో వారు హతులైన పిమ్మట వితంతువు కాలూనుటకు చోటెక్కడ? ఆమె గాయమునకు కట్టుకట్టిన వైద్యుడు ఆమె పొలమును తిరిగి ఈయలేడు.

కావున చికిత్సతోపాటు న్యాయమును, భూమియును కావలెను. 1998 సెప్టెంబరు 2న అరూషా నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము, జాతిని నిర్మూలించు సంకల్పముతో చేసిన అత్యాచారము జాతిసంహారమే యగునని మొదటిసారి తీర్పు చెప్పినది. 1999లో రువాండా ఆడబిడ్డలకు వారసత్వమున సమాన హక్కు నిచ్చు చట్టము చేసినది.

ఆంధ్రదేశమునందును 1986 నాటి చట్టము ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన భాగ మొసగినది. చట్టము పుస్తకములో నుండగానే పట్టా చేతికి రాదు. ఈ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి తండ్రియు, ప్రతి అన్నయు తన యింటి ఆడబిడ్డ పేరు ఏ కాగితముపై నున్నదో ఒకసారి చూచుకొనవలెను. ఆమె ఆరోగ్యమునకు పునాది అచ్చటనే గలదు.