నిటారుగా ఒక ఫోటో
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మన పాత భవనం శిథిలమైంది. వచ్చే వేసవిలో కూల్చక తప్పదంటున్నారు. దాన్ని ఆపలేం కానీ, ఈలోపు సరైన ఫోటోలు తీసి ఉంచగలం. ఇంజినీరుని కాబట్టి నాకు కొలతల మీదే దృష్టి. అందుకే ‘సరైన’ అన్నాను.

గ్రౌండులో నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే మేడ వెనక్కి వాలినట్టు వస్తుంది. గోడలు పైన దగ్గరపడతాయి. కెమెరా లోపలి సెన్సార్ గోడకు సమాంతరంగా లేకపోవడమే కారణం. కెమెరాను నిటారుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరిపితే గోడలు నిలువుగానే ఉంటాయి. దీన్ని షిఫ్ట్ అంటారు. సెన్సార్ గోడకు సమాంతరంగా ఉంటే ముందు గోడంతా ఒకే స్కేలులో వస్తుంది. ఒక తలుపు ఎత్తు టేపుతో కొలిచి రాసి పెడితే, అదే గోడ మీది కిటికీ ఎత్తును 50 ఏళ్ల తర్వాత కూడా ఫోటోలోంచి లెక్క కట్టవచ్చు. ముందుకు వచ్చిన వరండాకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

టిల్ట్ వేరు. అది లెన్సును కొద్దిగా వంచడం. మామూలు కెమెరాలో ఫోకస్ కుదిరే తలం సెన్సార్‌కు సమాంతరంగా ఉంటుంది. అందుకే మొదటి బల్ల స్పష్టంగా వస్తే చివరి బల్ల మసకబారుతుంది. లెన్సును ముందుకు వంచితే ఆ తలం బల్లల మీద పరుచుకుంటుంది. మనవాళ్లు చెక్కిన పేర్లు ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వస్తాయి. కానీ వెనక గోడ పైభాగం మసకబారవచ్చు. ఏది మిగలాలో ముందే తేల్చుకోవాలి.

ఈ సూత్రాన్ని ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన థియోడర్ షైంప్‌ఫ్లుగ్ పేరుతో పిలుస్తారు. ఆయన పేటెంటు 1904 నాటిది. అంతకు ముందే, 1901లో, ఫ్రాన్సుకు చెందిన జూల్ కార్పెంటియే ఇదే సూత్రాన్ని వాడారు. షైంప్‌ఫ్లుగ్‌కు కావలసింది ఆకాశం నుంచి ఏటవాలుగా తీసిన ఫోటోలను సరిదిద్ది మ్యాపులు గీయడం. ఆయనకూ కొలతలే ముఖ్యం! 35 ఎంఎం కెమెరాకు టిల్ట్, షిఫ్ట్ రెండూ ఉన్న లెన్సును కానన్ 1973లో తెచ్చింది.

మనలో ఎవరి దగ్గరైనా అలాంటి లెన్సుంటే చెప్పండి. లేకపోతే అద్దెకు తెద్దాం. ట్రైపాడ్, రసమట్టం, టేపు నేను తెస్తాను. తలుపులు కొలిచే పని చివరి బెంచీ వాళ్లది.